బాయి దిగకుండా మైనింగా?

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఖనిజ్ భవన్ ఉంది, ఇనుప ఖనిజం తీసే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ కేంద్ర కార్యాలయం. అక్కణ్నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో రెడ్‌హిల్స్‌లో సింగరేణి భవన్. బేగంపేటలో అణు ఖనిజాల అన్వేషణ డైరెక్టరేట్, బండ్లగూడలో భూగర్భ సర్వే సంస్థ జీఎస్‌ఐ, హబ్సిగూడ వైపు భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. దేశంలో మైనింగ్ ఆఫీసులు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లు తక్కువ. చుట్టుపక్కల రాతి క్వారీలను పక్కనపెడితే గని మాత్రం ఒక్కటీ లేదు. బొగ్గు కావాలంటే కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి వైపు వెళ్లాలి. ఇనుప ఖనిజం బైలడిల్లాలో, యురేనియం తుమ్మలపల్లెలో, ముగ్గురాయి మంగంపేటలో ఉన్నాయి. ఇది కొత్త సంగతేం కాదు. 1886లో పెట్టిన కంపెనీకి హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని పేరు పెట్టుకున్నారు, 1889లో బొగ్గు తీయడం మొదలుపెట్టింది మాత్రం ఇల్లెందు దగ్గర. అప్పుడూ పేరు పట్నానిది, బాయి, అంటే గని, పల్లెది.

మైనింగ్ డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు ఈ ఆఫీసుల చుట్టూనే ఆలోచిస్తున్నారు. ఏ కంపెనీ మంచిది, హైదరాబాద్‌లో పోస్టింగ్ దొరుకుతుందా, గేట్ పరీక్ష కోసం ఇంకో ఏడాది కూర్చోవాలా అని. నా వాదన ఒక్కటే. మొదటి మూడేళ్లు ఆఫీసు ఉన్న ఊళ్లో కాదు, గని ఉన్న ఊళ్లో గడవాలి. వీలుంటే ఓపెన్‌కాస్ట్, అంటే నేల పైనుంచి తవ్వుకుంటూ పోయే గని కంటే ముందు భూగర్భంలో మొదలుపెట్టాలి. కంపెనీ పేరు రెండో మాట.

ఎందుకంటే ఈ వృత్తిలో డిగ్రీ సగం కాగితమే. మిగతా సగం డీజీఎంఎస్, అంటే గనుల భద్రతా డైరెక్టరేట్ ఇచ్చే సర్టిఫికెట్. సివిల్ ఇంజినీరు డిగ్రీతో సైట్ నడపగలడు. గనిలో అలా కుదరదు. షిఫ్ట్‌లో పని, భద్రత చూసే సర్దార్, అతని పైన ఓవర్‌మన్, సర్వేయర్, సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్, ప్రతి మెట్టుకీ చట్టం ఒక సర్టిఫికెట్ అడుగుతుంది. అది మనిషి పేరు మీద ఉంటుంది. కంపెనీ మూతపడినా, బదిలీ అయినా, మానేసినా మీతోనే వస్తుంది. ఇంటర్వ్యూలో అవతలివాళ్లు మొదట అడిగేది కూడా దాని గురించే. పదేళ్ల అనుభవం ఉండి ఫస్ట్ క్లాస్ లేనివాడికంటే, ఆరేళ్ల అనుభవంతో ఫస్ట్ క్లాస్ ఉన్నవాడికి గిరాకీ ఎక్కువ.

ఆ సర్టిఫికెట్ పరీక్షకి కూర్చోవాలంటే గనిలో పనిచేసిన అనుభవం చూపించాలి. డిగ్రీ ఉన్నవాళ్లకి ఆ గడువు తగ్గుతుంది కానీ మాయమైపోదు. కోచింగ్ సెంటర్లో గడిచిన ఏడాది, పట్నం ఆఫీసులో ప్రజెంటేషన్లు తయారు చేసిన ఏడాది ఆ లెక్కలోకి రావు. ఇరవై రెండేళ్ల వయసులో రెండేళ్లు పోతే ఏమవుతుందనిపిస్తుంది. మీతో చదివినవాడు అసిస్టెంట్ మేనేజర్‌గా సంతకం పెడుతుంటే, అతని కింద ట్రైనీగా చేరిన రోజున తెలుస్తుంది.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి ఇంకోటుంది. మేనేజర్ సర్టిఫికెట్ రెండు రకాలు. ఒకటి రిస్ట్రిక్టెడ్, ఓపెన్‌కాస్ట్ గనులకే పరిమితం. రెండోది అన్‌రిస్ట్రిక్టెడ్, భూగర్భానికీ చెల్లుతుంది. అనుభవమంతా ఓపెన్‌కాస్ట్‌లోనే ఉంటే వచ్చేది మొదటిదే. ఇవికాక బొగ్గు గనులకు వేరు, లోహ ఖనిజాల గనులకు వేరు. సున్నపురాయి క్వారీలో నాలుగేళ్లు చేసి బొగ్గు సర్టిఫికెట్‌కి వెళ్తానంటే మళ్లీ మొదటికొస్తుంది. చేరే ముందే ఏ దారి అన్నది తేల్చుకోవాలి. ఎటూ తేలకపోతే భూగర్భ బొగ్గు గని ఎంచుకోండి. అక్కణ్నుంచి ఓపెన్‌కాస్ట్‌కి రావడం తేలిక, అటు నుంచి ఇటు రావడం కష్టం.

దీనికి ఎదురుమాట బలంగానే ఉంది. భూగర్భ గనులు తగ్గిపోతున్నాయి కదా, దేశంలో బొగ్గులో తొంభై శాతానికి పైగా ఓపెన్‌కాస్ట్‌దే కదా అంటారు. నిజమే. సింగరేణి 2023-24లో సుమారు 7 కోట్ల టన్నులు తీస్తే అందులో సింహభాగం ఓపెన్‌కాస్ట్ గనులదే. ఒడిశాలో ఆ సంస్థ 2025లో మొదలుపెట్టిన నైనీ కూడా ఓపెన్‌కాస్టే. నేను భూగర్భంలోనే ముసలివాళ్లవమనడం లేదు. రెండేళ్లు దిగి రమ్మంటున్నాను. పైపైన ఉన్న బొగ్గు అయిపోయేకొద్దీ లోతుకి పోక తప్పదు, దిగడం తెలిసినవాళ్లు అప్పటికి తక్కువైపోయుంటారు. అదీకాక, గని అంటే ఏమిటో భూగర్భం నేర్పినంత త్వరగా ఓపెన్‌కాస్ట్ నేర్పదు. అక్కడ గాలి కూడా మనం తయారు చేసి పంపాల్సిందే.

గాలినే తీసుకోండి. ప్రతి వెంటిలేషన్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒకే గాలిదారి మీదున్న గని భాగంలో, ఎక్కువమంది ఉండే షిఫ్ట్‌లో ఉండే ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజువారీ ఉత్పత్తిలో టన్నుకి 2.5 ఘనపు మీటర్లు, రెంటిలో ఏది ఎక్కువైతే అంత గాలి అందాలి. అరవై మంది పనిచేసే డిస్ట్రిక్ట్‌లో రోజుకి 300 టన్నులు వస్తుంటే మనుషుల లెక్కన 360, బొగ్గు లెక్కన 750. కాబట్టి 750 చూపించాలి. కాలేజీలో ఇంతవరకు చెబుతారు. కొత్త ఇంజినీరు తప్పేది ఎక్కడ కొలవాలన్న దగ్గర. ఆ గాలి డిస్ట్రిక్ట్‌లో ఆఖరి వెంటిలేషన్ కనెక్షన్ దగ్గర ఉండాలి, మొదట్లో కాదు. గాలి పక్కదారి పట్టకుండా మధ్యలో కట్టిన స్టాపింగ్ గోడల్లోంచి గాలి కారుతుంటే మొదట్లో 900 ఉన్నది చివరికి 500 అవుతుంది, బొగ్గు తీసే ఫేస్ దగ్గర మనిషి చెమటతో తడిసి ముద్దవుతాడు. తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదన్నది పరిమితి, 30.5 దాటగానే గాలి వేగం సెకనుకి కనీసం ఒక మీటరు ఉండాలి. గాలి వేగం కొలిచే ఎనిమోమీటరు పట్టుకుని నిలబడితే మీ ఒళ్లే దారికి అడ్డమై రీడింగు మారిపోతుంది. చెయ్యి చాచి, ఒళ్లు పక్కకి పెట్టి కొలవాలి.

మీథేన్ కూడా అంతే. 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుందని అందరికీ నోటికొచ్చు. పనికొచ్చే అంకె అది కాదు, 1.25. ఆ అంకె దగ్గర కరెంటు ఆపాలి, మనుషుల్ని బయటికి తీసుకురావాలి. గ్యాస్ తేలిక కాబట్టి పైకప్పు కింద పొరలా నిలుస్తుంది. మెథనోమీటరు ఛాతీ ఎత్తున పట్టుకుని సున్నా అని రాసుకొచ్చే ట్రైనీలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ పరీక్షలో ఫ్లేమ్ సేఫ్టీ ల్యాంప్ ఒత్తి తగ్గించి, మంట మీద నీలంగా టోపీలా కనపడే వెలుగు ఎత్తు చూసి శాతం చెప్పాలి. కంటికి అలవాటు కావాలి, ఒక్క రాత్రిలో చదివితే రాదు. ఇదీ, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల ప్రథమ చికిత్స సర్టిఫికెట్టూ మేనేజర్ పరీక్షకి ముందు చేతిలో ఉండాలి. చేరిన మొదటి ఏడాదిలోనే ఈ రెండూ ముగించండి. దరఖాస్తు ఆఖరి తేదీకి వారం ముందు వీటికోసం పరుగెత్తడం ప్రతిసారీ జరిగే తంతు.

పైకప్పు సంగతికి వస్తే, సర్దార్ కర్రతో బండను కొట్టి చూస్తాడు. గట్టి బండ ఖంగుమంటుంది, పొర విడిచిన బండ డప్పులా బోలుగా పలుకుతుంది. ఈ చెవి మీకు రావడానికి నెలలు పడుతుంది, వచ్చేదాకా అతని చెవినే నమ్మండి. మీ చేతికి ఇచ్చే పని ఆర్‌ఎంఆర్, అంటే పైకప్పు రాతి నాణ్యతకి మార్కులు వేసే లెక్క. పొర మందానికి 30, పగుళ్లూ నిర్మాణానికి 25, నీరు తగిలితే చెదిరే గుణానికి 20, రాతి బలానికి 15, ఊటనీటికి 10, మొత్తం నూరు మార్కులు. ఈ మార్కుల్ని బట్టే రూఫ్ బోల్టులు ఎంత పొడవు, ఎంత దూరంలో ఒకటి అన్నది తేలుతుంది. తప్పులు జరిగే తీరు చూడండి. నమూనా తెచ్చి ఆఫీసు కిటికీలో పదిరోజులు పెడతారు, అది ఎండిపోయి మార్కులు మారిపోతాయి. ఊటనీటిని మే నెలలో చూసి పది రాస్తారు, ఆగస్టులో అదే చోట పైనుంచి ధారకడుతుంది. పాత రిపోర్టులో అంకెల్ని కొత్తగా తవ్వే ప్యానెల్‌కి దించేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. గ్యాలరీ, అంటే బొగ్గులో తవ్విన దారి, 4.8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు మించకూడదని నిబంధన. ఆ వెడల్పు కాగితం మీద ఒకటి, బొగ్గు పక్కలు జారాక ఇంకొకటి. టేపు పెట్టి కొలిచి రాసిన అంకెకే విలువ.

గని మ్యాపులు గీసే ప్లాన్ సెక్షన్‌లో వేస్తే మొహం ముడుచుకుంటారు, ట్రేసింగ్ చేసుకోవడానికా ఇంజినీరింగ్ చదివింది అని. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీళ్లు నిండిన పాత తవ్వకాల్లోంచి వరద ఒక్కసారిగా గనిలోకి దూకి 375 మందిని మింగింది. నీళ్లున్న పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపుకి వెళ్లాలంటే అనుమతి, ముందస్తు బోర్‌హోళ్లు ఎందుకు తప్పనిసరో ఆ ప్లాన్ల ముందు కూర్చుంటేనే ఒంటికి పడుతుంది. పాత ప్లాన్ మీద గీత ఎక్కడ ఆగిందో, బాయి నిజంగా అక్కడే ఆగిందా అని అనుమానపడటమే ఆ సెక్షన్‌లో నేర్చుకోవాల్సిన పని.

ఓపెన్‌కాస్ట్‌లో చేరినవాళ్లు నిరాశపడక్కర్లేదు, అక్కడ నేర్చుకునేది వేరే. అక్కడ అసలు సరుకు బొగ్గు కాదు, మట్టి. టన్ను బొగ్గుకి ఆరు ఘనపు మీటర్ల ఓబీ, అంటే బొగ్గు మీద కప్పి ఉన్న మట్టి ఉందనుకుంటే, రోజుకి పదివేల టన్నుల గని రోజుకి అరవై వేల ఘనపు మీటర్ల మట్టి కదపాలి. కొత్తవాడికి మొదట అప్పజెప్పేది ఆ ట్రిప్పుల లెక్కే. డంపర్ తొట్టిలో 35 ఘనపు మీటర్లు పడుతుంది, వంద ట్రిప్పులు కొట్టింది, 3,500 అని రాస్తాడు. తవ్వాక మట్టి ఉబ్బుతుంది. ఉబ్బు 1.3 అయితే నేలలో ఉన్న లెక్కన ఒక ట్రిప్పు 27 మాత్రమే, వందకి 2,700. నెలాఖరున సర్వే వాళ్లు వచ్చి కొలిస్తే తేడా బయటపడుతుంది, కాంట్రాక్టరు బిల్లు ఆగుతుంది, రాసినవాడి పేరు మేనేజర్ టేబుల్ మీదికి వస్తుంది. నల్లరేగడి, ఇసుకరాయి ఒకేలా ఉబ్బవు. వర్షాకాలంలో తొట్టి అడుగున అంటుకున్న బురద ప్రతి ట్రిప్పులోనూ తిరిగి వస్తుంటుంది. ఒక్కో ట్రిప్పుకి ఎంత అని కట్టే ట్రిప్ ఫ్యాక్టర్ ఏడాదికోసారి పెట్టే అంకె కాదు.

రోడ్డు వాలు 16కి 1 దాటకూడదని, నేల కంటే ఎత్తున ఉన్న రోడ్డుకి కనీసం మీటరు ఎత్తు గట్టు ఉండాలని రాసి ఉంటుంది. గ్రేడర్ రోజూ నడుస్తుంటే ఆ గట్టు వారం వారం కొంచెం అరిగిపోతుంది, ఎవరూ చూడరు. బ్లాస్టింగ్‌లో డేంజర్ జోన్ బొగ్గు గనుల్లో 500 మీటర్లు. రాయి ఎగిరిందంటే తొంభై పాళ్లు స్టెమ్మింగ్, అంటే హోల్‌లో మందు పైన కూరే మట్టి తక్కువైనట్టో, ముందు వరసలో బర్డెన్, అంటే హోల్ ముందున్న రాయి మందం పలచబడినట్టో. డ్రిల్లింగ్ ప్యాటర్న్ కాగితాన్ని నమ్మకుండా ప్రతి హోల్ ముందు ముఖం ఎంత మిగిలిందో చూసుకుని మందు వేసి పేల్చే షాట్‌ఫైరర్ వెంట వారం తిరిగితే ఒక సెమిస్టర్ పాఠం తలకెక్కుతుంది.

ఇక గేట్. కోల్ ఇండియా మేనేజ్‌మెంట్ ట్రైనీలను గేట్ స్కోరుతో తీసుకుంటుంది, ఎన్‌ఎండీసీ కూడా ఆ స్కోరును వాడుతుంది. కోల్ ఇండియాలో చేరేటప్పుడు ఈ-2 గ్రేడు, మూలవేతనం 50,000తో మొదలు, శిక్షణ ముగిశాక ఈ-3లో 60,000తో. అది మంచి జీతమే, నేను వద్దనను. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ వస్తుందని రాసిచ్చినవాళ్లెవరూ లేరు. కాబట్టి ఫైనలియర్‌లోనే ఒకసారి గట్టిగా రాయండి. రాకపోతే ఉద్యోగంలో చేరి, రెండో షిఫ్ట్‌కి ముందు పొద్దున్న మూడు గంటలు చదువుకుంటూ మళ్లీ రాయండి. రూమ్ తీసుకుని అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రెండేళ్లు కూర్చుంటే గేట్ రావచ్చు, రాకపోవచ్చు. అనుభవం మాత్రం ఒక్క రోజు కూడా జమకాదు. సింగరేణి నోటిఫికేషన్ దారి వేరు, దానికి దాని పరీక్ష ఉంటుంది, స్థానికత నిబంధనలు ఉంటాయి. డిప్లొమావాళ్లకు జూనియర్ మైనింగ్ ఇంజినీర్ ట్రైనీ పోస్టులూ పడుతుంటాయి. నోటిఫికేషన్‌లో అర్హత పేరా రెండుసార్లు చదవండి, ఏ సర్టిఫికెట్ ఏ తేదీ నాటికి ఉండాలో అక్కడే ఉంటుంది.

హైదరాబాద్‌లోనే కూర్చుని విదేశీ గనులకు ప్లానింగ్ చేసిపెట్టే ఉద్యోగాలున్నాయి. సర్పాక్, డేటామైన్, వల్కన్ లాంటి సాఫ్ట్‌వేర్లు తెరిచి, గనిని చిన్న చిన్న దిమ్మెలుగా చూపే బ్లాక్ మోడల్ మీద పనిచేయాలి. ఏసీ గది, శనాదివారాలు సెలవు, ఇంటి భోజనం. తప్పు పట్టను. ఆ పనిని నాలుగో ఏట చేయండి అంటాను. క్రషర్ దగ్గర డంపర్లు క్యూ కట్టి ఎంతసేపు నిలబడతాయో చూడనివాడు డంపర్ ఒక చుట్టుకి పట్టే సైకిల్ టైమ్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను అలాగే వదిలేస్తాడు. ఖనిజంతోపాటు ఎంత పనికిరాని రాయి కలిసొస్తుందో ఎక్స్‌కవేటర్ బకెట్ చూసి నేర్చుకోవాలి. అలా నేర్చుకున్నవాడి ప్లాన్‌కీ, నేర్చుకోనివాడి ప్లాన్‌కీ తేడా గనిలో ఉన్న మేనేజర్ అరగంటలో పట్టేస్తాడు.

జియాలజీ చదివినవాళ్లకి ఈ మేనేజర్ సర్టిఫికెట్ల గోల లేదు. వాళ్లది యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష, లేదా అన్వేషణ కంపెనీల్లో కోర్ లాగింగ్, అంటే డ్రిల్లింగ్‌లో బయటికొచ్చిన రాతి కడ్డీలను చూసి నమోదు చేయడం. అక్కడా ఇదే మాట చెల్లుతుంది, డ్రిల్లింగ్ రిగ్ పక్కన ఒక సీజన్ గడపాలి. రాతి నాణ్యత చెప్పే ఆర్‌క్యూడీ లెక్కలో 10 సెంటీమీటర్లు, ఆ పైన ఉన్న ముక్కలే కూడాలి. పెట్టెలో సర్దేటప్పుడు సుత్తితో విరగ్గొట్టిన చోటును సహజమైన పగులుగా లెక్కేస్తే మంచి రాయి కూడా చెత్త రాయిగా తేలుతుంది. విరిచినచోట సుద్దతో గుర్తుపెట్టే అలవాటు రిగ్ దగ్గరే వస్తుంది.

ఆడపిల్లలకు దారి ఇటీవలే తెరుచుకుంది. 1952 చట్టం వాళ్లను భూగర్భంలోకి రానివ్వలేదు. 2019 జనవరి నోటిఫికేషన్‌తో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు, రాతపూర్వక సమ్మతితో, కనీసం ముగ్గురి బృందంగా దిగేందుకు అనుమతించారు. చేరే రోజుకి అమల్లో ఉన్న నిబంధన ఏమిటో చూసుకోండి. హెచ్‌ఆర్‌ను అడగాల్సింది మాత్రం సూటి ప్రశ్న: ఇప్పుడు మీ గనిలో ఎంతమంది మహిళా ఇంజినీర్లు దిగుతున్నారు? ఒక్కరూ లేకపోతే ముగ్గురి బృందం ఎక్కణ్నుంచి వస్తుంది? దిగనివ్వకుండా ప్లానింగ్ టేబుల్‌కి కట్టేస్తే సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతారు. అన్యాయమే, కానీ ఆఫర్ మీద సంతకం పెట్టే ముందే తెలుసుకోవడం మేలు.

ప్రైవేటు కాంట్రాక్టు సంస్థల ఆఫర్లు వస్తే తిరగ్గొట్టకండి, వివరాలు రాబట్టండి. ఏ గని, బొగ్గా లోహమా, భూగర్భమా ఓపెన్‌కాస్టా, మీ పేరు గని ఉద్యోగుల రిజిస్టరులో ఎక్కుతుందా లేదా? రిజిస్టరులో లేనివాడు చట్టం దృష్టిలో అక్కడ లేనట్టే. చేరగానే ప్రాథమిక వైద్య పరీక్ష, వృత్తి శిక్షణ కేంద్రం వీటీసీలో శిక్షణ పెడతారా? ఛాతీ ఎక్స్‌రే, వినికిడి పరీక్ష కాపీలు మీ దగ్గర ఉంచుకోండి, పదిహేనేళ్ల తర్వాత ఊపిరితిత్తుల గురించి ఎవరితోనైనా వాదించాల్సి వస్తే మొదటి రోజు ఫిలిమే ఆధారం. ఇంకొకటి, అసలైంది. ఓవర్‌మన్ రాలేదు, ఈ రోజుకి రిపోర్టులో నువ్వే సంతకం పెట్టు అంటారు. సర్టిఫికెట్, అధికార పత్రం లేకుండా చట్టబద్ధమైన రిపోర్టు బుక్కులో సంతకం పెట్టొద్దు. ఆ షిఫ్ట్‌లో బండ పడితే విచారణలో ఆ సంతకమే మాట్లాడుతుంది. మర్యాదగా, మేనేజర్ గారూ, నాకు ఆథరైజేషన్ లేదు, అని చెప్పండి. తెలిసిన మేనేజర్ కోప్పడడు.

పుస్తకాల విషయంలో చిన్న హెచ్చరిక. కోఠిలో పాత పుస్తకాల కొట్లలో బొగ్గు గనుల చట్టం గైడ్లు చవగ్గా దొరుకుతాయి. చాలావరకు 1957 నాటి నిబంధనల మీద రాసినవి. 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి, రెగ్యులేషన్ నంబర్లు మారాయి. పాత నంబరు చెప్పి మౌఖిక పరీక్షలో దొరికిపోతారు. వెంటిలేషన్ మీద, గనిలోకి మనుషుల్ని, బొగ్గుని దించి ఎక్కించే వైండింగ్ మీద పాత పుస్తకాలైతే కళ్లకద్దుకుని కొనుక్కోండి.

చివరగా అనుభవ ధ్రువపత్రం. దీని దగ్గర దెబ్బతిన్నంత మంది పరీక్షలో తప్పి ఉండరు. అందులో గని పేరు ఉండాలి, చేరిన తేదీ, వదిలిన తేదీ ఉండాలి, ఏ హోదాలో ఏ పని చేశారో, భూగర్భంలో ఎన్నాళ్లో ఓపెన్‌కాస్ట్‌లో ఎన్నాళ్లో విడివిడిగా ఉండాలి, గని మేనేజర్ సంతకం ఉండాలి. హైదరాబాద్ హెచ్‌ఆర్ ఇచ్చిన "మా సంస్థలో సంతృప్తికరంగా పనిచేశారు" అనే కాగితం ఇక్కడ చెల్లదు. మేనేజర్లు బదిలీ అవుతారు, రిటైరవుతారు, గనులు మూతపడతాయి. అందుకే ఒక గని నుంచి ఇంకో గనికి మారేటప్పుడు, సామాన్లు సర్దుకోక ముందే, క్యాప్ ల్యాంప్ అప్పగించే రోజునే ఆ కాగితం రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకోండి. రెండు కాపీలు.